వారానికి నాలుగు గంటలే ఆడేవాడు ఎందులో వెనకబడతాడు, ఎందులో వెనకబడడు

మంగళవారం నాకు వీక్లీ ఆఫ్. తిరుపతి బస్టాండుకి దగ్గర్లో ఒక లాడ్జిలో రిసెప్షన్ చూసుకుంటాను, మిగతా ఆరు రోజులూ పగలో రాత్రో, డ్యూటీ చార్ట్ ఎట్లా తిరిగితే అట్లా. ఆఫ్ రోజున బ్యాంకు పని, గ్యాసు, పిల్లవాడి హోంవర్క్, మా అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం, ఇవన్నీ పోగా రాత్రి భోజనాలయ్యాక ఒక రెండున్నర గంటలు మిగులుతాయి. వారం మధ్యలో ఎక్కడో ఇంకో గంటన్నర. మొత్తం కలిపి నాలుగు గంటలు, ఆ నాలుగు గంటలూ ఆన్‌లైన్ ఆటలకే. ముప్పై దాటిన మనిషికి ఇదేం పని అని అడిగే డ్యూటీ మా ఇంట్లోవాళ్ళు తీసుకున్నారు కాబట్టి ఆ సంగతి ఇక్కడ వదిలేద్దాం.

మేం ఎక్కువగా ఆడేది బీజీఎంఐ, అంటే బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా, ఫోన్‌లో ఆడే తుపాకుల ఆట. మా స్క్వాడ్‌లో, అంటే నలుగురి జట్టులో, ఒక కుర్రాడున్నాడు, ఇంజనీరింగ్ చదువుతున్నాడు, రోజుకి ఐదారు గంటలు ఆడతాడు. మొన్నొక రోజు అన్నాడు: "అన్నా, అందరం క్రౌన్‌కి పోతిమి, నువ్వింకా ప్లాటినంలోనే ఉండావు. వారానికొక తూరి వస్తావు, వచ్చి నాలుగు మ్యాచ్‌లు ఆడి పోతావు. నువ్వు ఆడేది ఆటనా, అటెండెన్సా?"

క్రౌన్, ప్లాటినం అంటే ఆ ఆటలో ర్యాంకు మెట్లు, టైర్లంటారు, క్రౌన్ పైది. నవ్వాను కానీ ఆ మాట రెండ్రోజులు చెవిలో తిరుగుతూనే ఉంది. ఎందుకంటే వాడన్నదాంట్లో నిజం ఉంది, కానీ ఎంత నిజమో తేల్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. "వెనకబడ్డాను" అని మనం అనుకునే ఒక్క మాటలో మూడు వేరు వేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. చేతి ఆటలో వెనకబడటం ఒకటి. సామానులో, అంటే లెవెళ్ళు, డ్రెస్సులు, తుపాకుల స్కిన్లు, ఆయుధాల బలం, వీటిలో వెనకబడటం రెండోది. సావాసంలో వెనకబడటం మూడోది. ఈ మూడింటికీ కారణాలు వేరు, మందులు వేరు. ఒకదానికి వేయాల్సిన మందు ఇంకోదానికి వేసుకుని, నిద్ర పాడు చేసుకుని, డబ్బులు పోగొట్టుకుని, ఆట మీద విరక్తి తెచ్చుకున్నవాళ్ళని నేను చూశాను. అందులో నేనూ ఒకణ్ణి.

చేతి ఆట

దీని గురించే అందరూ ఎక్కువ భయపడతారు గానీ మూడింటిలో భయపడాల్సిన పని తక్కువ ఉన్నది ఇదే. ఏదైనా నేర్చుకునేటప్పుడు ఒకే రోజు కూర్చుని నాలుగు గంటలు రుద్దడం కన్నా అదే నాలుగు గంటలని రోజుల మధ్య ఎడం ఇచ్చి పంచుకుంటే ఎక్కువ నిలబడుతుందన్నది కొత్త మాటేం కాదు, జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన జ్ఞాపకశక్తి మీద తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లోనే రాసిపెట్టాడు. మా ఊళ్ళో వీణ నేర్పే టీచర్లకి ఆ జర్మనీ ఆయనతో పనిలేకుండానే ఈ సంగతి తెలుసు. కాబట్టి నాలుగు గంటలుంటే రెండు మూడు ముక్కలు చేయండి, అంతే.

కాకపోతే రోజూ ఆడేవాడికి లేని చిక్కు ఒకటి మనకుంది. వారం తర్వాత ఫోన్ పట్టుకుంటే మొదటి మ్యాచ్‌లో బొటనవేళ్ళు మన మాట వినవు. రోజూ ఆడేవాడు ఆ చెడ్డ మ్యాచ్‌ని పది మ్యాచ్‌లలో ఒకటిగా మర్చిపోతాడు, మనకది నాలుగింట్లో ఒకటి. అందుకని నేను ర్యాంక్ మ్యాచ్‌తో ఎప్పుడూ మొదలుపెట్టను. బీజీఎంఐలో అయితే ముందు ఒక టీడీఎం (టీమ్ డెత్‌మ్యాచ్), నలుగురికి నలుగురు, ముందు 40 చంపిన జట్టు గెలుస్తుంది, పది నిమిషాల్లో అయిపోతుంది, ఓడినా పోయేదేం లేదు. ఇంకొకటి, నేను రెండే తుపాకులు వాడతాను, మ్యాప్‌లో రెండే చోట్ల దిగుతాను. అన్నీ నేర్చుకోవడానికి మనకి వారంలో గంటలు లేవు, రెండు బాగా రావడానికి ఉన్నాయి.

అసలు తిరకాసు చేతి ఆటలో లేదు. చేతి ఆటని కొలుస్తున్నాం అని ఆట మనకి చూపించే ర్యాంకులో ఉంది.

ర్యాంకు కొలిచేది ఏమిటి

దీని మూలం చదరంగంలో ఉంది. హంగరీలో పుట్టి అమెరికాలో ఫిజిక్స్ పాఠాలు చెప్పిన ఆర్పాడ్ ఎలో అనే ప్రొఫెసరు ఆటగాళ్ళకి నంబర్లు ఇచ్చే పద్ధతి ఒకటి తయారుచేశాడు, 1970లో ప్రపంచ చదరంగ సమాఖ్య దాన్ని తీసుకుంది. లెక్క చాలా సింపుల్. ఇద్దరి నంబర్ల తేడాని బట్టి ఎవరు గెలిచే అవకాశం ఎంతో ముందే తెలుస్తుంది, నీకన్నా పెద్దవాణ్ణి కొడితే నీ నంబరు బాగా పెరుగుతుంది, చిన్నవాణ్ణి కొడితే ఏదో కొంచెం. ఇందులో నువ్వు వారానికి ఎన్ని ఆటలు ఆడావన్న ప్రశ్నే లేదు. తన స్థాయివాళ్ళతో వంద ఆటలాడి యాభై గెలిచి యాభై ఓడినవాడు దాదాపు ఉన్నచోటే ఉంటాడు.

తర్వాత 1995లో మార్క్ గ్లిక్‌మన్ దీనికి ఒక మంచి సవరణ చేశాడు. నంబరుతో పాటు ఆ నంబరు మీద ఎంత నమ్మకం ఉందో కూడా రాసిపెట్టాలన్నాడు. నువ్వు చాలా రోజులు ఆడకపోతే నీ నంబరు తగ్గదు, దాని మీద నమ్మకం తగ్గుతుంది. తిరిగొచ్చి ఆడిన మొదటి కొన్ని ఆటలకి నంబరు ఎక్కువెక్కువ కదులుతుంది, మళ్ళీ కుదురుకుంటుంది. లీచెస్ అనే చదరంగం సైట్‌లో కొందరి రేటింగ్ పక్కన ప్రశ్నార్థకం కనిపిస్తుందే, అది ఇదే. తక్కువ టైమున్న మనిషికి ఇంతకన్నా మర్యాదైన పద్ధతి నేను చూడలేదు. నువ్వు రాలేదని శిక్ష వేయదు, "ఇంకా అంతే ఆడుతున్నావా, చూద్దాం" అంటుంది.

టీముగా ఆడే ఆటల్లో కష్టం మొదలవుతుంది. నలుగురు కలిసి గెలిస్తే అందులో నీ వాటా ఎంతో ఆటకెట్లా తెలుస్తుంది? చాలా మ్యాచ్‌లు చూస్తే గానీ తెలియదు. ఎక్స్‌బాక్స్ కోసం మైక్రోసాఫ్ట్ వాళ్ళు తయారుచేసిన ట్రూస్కిల్ అనే పద్ధతి గురించి వాళ్ళే ఇచ్చిన లెక్కలున్నాయి. ఒక మనిషి స్థాయి తేలడానికి ఒకరితో ఒకరు ఆడే ఆటలో సుమారు 12 మ్యాచ్‌లు చాలు, నలుగురికి నలుగురు ఆడే ఆటలో 46 కావాలి. ఇప్పుడు మన కూడిక వేద్దాం. వారానికి ఆరు మ్యాచ్‌లు ఆడేవాడికి 46 మ్యాచ్‌లంటే దగ్గర దగ్గర ఎనిమిది వారాలు. మొబైల్ ఆటల్లో సీజన్ మామూలుగా ఒకటిన్నర, రెండు నెలలు. అంటే నేను ఫలానావాడినని ఆటకి అర్థమయ్యే టైముకి సీజన్ అయిపోతుంది, అందరి టైర్లూ కిందికి దింపి మళ్ళీ మొదలుపెడతారు! ఆట ఏదైనా లెక్క అచ్చంగా ఇంతే ఉంటుందని కాదు, కానీ తంతు ఇదే.

పైగా చాలా మొబైల్ ఆటల్లో మనకి కనిపించే టైరు అచ్చమైన నైపుణ్యం నంబరు కాదు. గెలుపుకి వచ్చే పాయింట్లు ఓటమికి పోయే పాయింట్ల కన్నా కొంచెం ఎక్కువగా పెట్టి, మామూలుగా ఆడేవాడు కూడా ఆడుతూ ఉంటే మెట్టు మెట్టు ఎక్కేటట్టు చేస్తారు. లోపల దాచిపెట్టిన నంబరు వేరే ఉంటుంది, మ్యాచ్‌లు కలిపేటప్పుడు అదీ చూస్తారు. అందుకని ప్లాటినంలో ఉన్న నేను, క్రౌన్‌లో ఉన్న ఆ కుర్రాడు, మా ఇద్దరి మధ్య తేడాలో కొంత చేతి ఆట, మిగతాది గంటలు. టైరు అనేది నైపుణ్యానికి హాజరు పట్టీ కలిపి కుట్టిన గుడ్డ. వాడు అటెండెన్సు అని వెక్కిరించింది నన్ను, కానీ ఆ అటెండెన్సు మార్కులు పడింది వాడికి.

కొన్ని ఆటలు ఇంకో అడుగు ముందుకేసి, పై ర్యాంకుల్లో ఉండి కొన్నాళ్ళు ఆడకపోతే పాయింట్లు కోస్తాయి. లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే ఆటలో డైమండ్ ర్యాంకు, ఆపైన అట్లాంటి కోత ఉంది. మన బీజీఎంఐలో కాంక్వరర్ అనేది పై 500 మందికే ఇచ్చే స్థానం, నువ్వు నిద్రపోతుంటే నీ కింద ఉన్నవాడు ఆడుతుంటాడు. వారానికి నాలుగు గంటలవాళ్ళకి ఆ వీధిలో పనిలేదు. ఇది చిన్నబుచ్చుకోవాల్సిన సంగతి కాదు, రాత్రి డ్యూటీ చేసేవాడు సుప్రభాత సేవకి రోజూ పోలేడు, అంతే.

సీజన్లో ఎప్పుడు ఆడాలన్నది మాత్రం పనికొచ్చే లెక్క. సీజన్ మొదలైన మొదటి వారం పెద్ద పెద్ద పులులన్నిటినీ కిందికి దింపి మన మధ్యలో వదులుతారు, వాళ్ళు పైకి ఎక్కిపోయేదాకా మనల్ని పీక్కు తింటారు. చివరి వారం అందరూ ర్యాంక్ పుష్ అని ఊగిపోతుంటారు, చిన్న పొరపాటుకి బూతులు. నడిమి వారాలే మనకి హాయి. మొదటి వారంలో నేను ర్యాంక్ జోలికే పోను.

వేళ కూడా చూసుకోవాలి. మ్యాచ్‌లు కలిపే పద్ధతి మా కొండ మీద వైకుంఠం క్యూ కాంప్లెక్స్ లాంటిదే, జనాన్ని కంపార్ట్‌మెంట్లలో కూర్చోబెట్టి, నిండాక తలుపు తీస్తారు. తేడా ఏమిటంటే ఆట ఒకే స్థాయివాళ్ళని ఒక కంపార్ట్‌మెంటులో పెట్టాలని చూస్తుంది. జనం బాగా ఉంటే అది కుదురుతుంది. తెల్లవారుజామున మూడింటికి నైట్ డ్యూటీ దిగి లాగిన్ అయితే లైనులో మనుషులుండరు, ఎక్కువసేపు ఆపితే మనం విసుక్కుంటామని పద్ధతి కొంచెం కొంచెంగా గీత చెరిపేసి ఎవరు దొరికితే వాళ్ళతో తలుపు తీసేస్తుంది, లేకపోతే బాట్లతో, అంటే కంప్యూటరు ఆడించే బొమ్మలతో, నింపుతుంది. ఆ టైములో నేను వరసగా ఓడిపోతుంటే ముసలోణ్ణయిపోయానేమో అనుకున్నాను కొన్నాళ్ళు. రాత్రి తొమ్మిది, పదింటికి ఆడి చూస్తే మళ్ళీ మనిషినయ్యాను.

సామాను

ఇక రెండోది, అసలు డబ్బు తిరిగేది ఇక్కడే. డైలీ మిషన్లు, లాగిన్ బహుమతులు, సీజన్ పాసు, అంటే డబ్బు కట్టి కొంటే లెవెళ్ళు దాటేకొద్దీ బహుమతులిచ్చేది. వీటి గడియారం మన గడియారం ఒకటి కాదు. ఆట నైపుణ్యం మనం ఆడిన గంటలతో పెరుగుతుంది, ఇవి క్యాలెండరుతో నడుస్తాయి. మనం ఆడినా ఆడకపోయినా తేదీ మారిపోతుంది, బహుమతి పోతుంది. చేతికి రానిది పోయినట్టు అనిపించడమే ఇక్కడ కిటుకు. దొరికిన వంద రూపాయల సంతోషం కన్నా పోగొట్టుకున్న వంద రూపాయల బాధ ఎక్కువ అని డేనియల్ కానెమన్, ఎమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు 1979లో పేపరు రాశారు, అది చదివి తయారుచేసినట్టే ఉంటాయి ఈ పాసులు.

ఒక ఊహా లెక్క చూడండి. 100 లెవెళ్ళ పాసు, 60 రోజుల సీజన్, ఒక్కో లెవెలుకి అరగంట. మొత్తం 50 గంటలు. వారానికి నాలుగు గంటలవాడికి 60 రోజుల్లో దొరికేవి 34 గంటలు. అంటే 68వ లెవెలు దగ్గర ఆగిపోతాడు, అదీ ఆ 34 గంటల్లో ఒక్క నిమిషం కూడా తనకి నచ్చినట్టు ఆడకుండా మిషన్ల వెంట పరిగెత్తితే. ఆఖరి లెవెల్లో పెట్టిన డ్రెస్సు చూపించి మొదటి రోజే పాసు అమ్ముతారు. అందుకని నేను మొదటి రోజు కొనను. చాలా ఆటల్లో పాసు ఎప్పుడు కొన్నా అప్పటిదాకా దాటిన లెవెళ్ళ బహుమతులన్నీ ఒకేసారి వచ్చేస్తాయి. సీజన్ ఆఖరి వారంలో ఎంతవరకు వచ్చానో చూసుకుంటాను, ఆ వచ్చినవాటికి ఆ రేటు పెట్టొచ్చు అనిపిస్తే అప్పుడు కొంటాను. పోయిన ఏడాది మొత్తంలో అట్లా అనిపించింది ఒక్కసారే. డైలీ మిషన్లు ఆ రోజుతో పోతాయి గానీ వారపు మిషన్లు చాలా ఆటల్లో సీజన్ అయ్యేదాకా ఆగుతాయి, చేస్తే అవే చేయండి, డైలీ వాటిని కళ్ళెత్తి కూడా చూడకండి.

అన్ని ఆటలూ ఇట్లాంటివే అనుకోవద్దు. నాకు బాగా నచ్చిన కథ ఒకటి చెప్తాను. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే పెద్ద ఆట 2004 నవంబరులో వచ్చింది. విడుదలకి ముందు టెస్టింగ్‌లో, మనుషులు అదే పనిగా ఆడకుండా ఉండాలని, ఎక్కువసేపు ఆడితే అలసిపోయినట్టు లెక్కేసి, రాక్షసుల్ని చంపితే వచ్చే పాయింట్లని సగానికి కోసేవాళ్ళు. ఆడేవాళ్ళు మండిపడ్డారు. అప్పుడు వాళ్ళు అంకెల్ని అట్లాగే ఉంచి పేర్లు తిప్పేశారు. సగాన్ని మామూలు అన్నారు, అంతకుముందు మామూలుగా ఉన్నదాన్ని విశ్రాంతి తీసుకున్నవాడికి వచ్చే రెట్టింపు అన్నారు. అదే అన్నం, అదే పళ్ళెం, కోపం పోయి అందరూ మెచ్చుకున్నారు. ఆ విశ్రాంతి వచ్చేది ఎట్లాగంటే, ఆటలో సత్రం ఒకటి ఉంటుంది, అక్కడికి పోయి లాగౌట్ అవ్వాలి. మనం మన పనుల్లో ఉంటే మన బొమ్మ సత్రంలో పడుకుని ఉంటుంది, 8 గంటలకి లెవెల్లో 5 శాతం చొప్పున విశ్రాంతి చేరుతుంది, ఒకటిన్నర లెవెలు దాకా, అంటే పది రోజులు. రోజూ వచ్చేవాడి కన్నా వారానికొకసారి వచ్చేవాడికి ఆ కాసేపూ చకచకా సాగుతుంది. రూములిచ్చి నలుగురినీ పడుకోబెట్టడమే ఉద్యోగమైన నాకు ఈ ఏర్పాటు ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను.

తొందరపెట్టని పాసులు కూడా వచ్చాయి. హేలో ఇన్‌ఫినిట్ పాసు కొంటే గడువు లేదు, ఏ సీజన్‌లో కొన్నది ఆ తర్వాత ఎప్పుడైనా పూర్తి చేసుకోవచ్చు, హెల్‌డైవర్స్ 2 లోనూ అంతే. గిల్డ్ వార్స్ 2 అయితే ఇంకా మేలు, 2012లో వచ్చినప్పటినుంచి పై లెవెలు 80 దగ్గరే ఆగింది, ఆ ఏడాది చివర్లో తెచ్చిన పై తరగతి సామాను బలాన్ని మించినవి తర్వాత తేలేదు. రెండేళ్ళు మానేసి వచ్చినా నీ కత్తి తుప్పు పట్టదు. కొత్త ఆట ఎంచుకునేటప్పుడు గ్రాఫిక్స్ కన్నా ముందు నేను అడిగేది ఇదే ఇప్పుడు: నెల రోజులు రాకపోతే నా దగ్గరున్నది ఏమవుతుంది?

డబ్బు కట్టి ముందుకు దూకడం గురించి ఒక్క మాట. మూడొందల టికెట్టు తీసుకుంటే లైనులో టైము తగ్గుతుంది, లోపల దర్శనం అదే. ఆటలో డబ్బు కట్టి డ్రెస్సు కొనుక్కోవడమో, కాసిని మెట్లు దాటడమో అట్లాంటిది, సరదాకి కట్టేవాళ్ళని నేనేమీ అనను. కానీ డబ్బు కడితే కత్తికి పదును పెరిగే ఆటలున్నాయి, వాటిలో నాలుగు గంటలవాడు ఎరగా తప్ప ఇంకెందుకూ పనికిరాడు. టైము లేనివాడి దగ్గర జీతం ఉంటుందని వాళ్ళకి తెలుసు.

సావాసం

ఇక మూడోది. దీనికి మాత్రం నా దగ్గర పూర్తి మందు లేదు.

రెండేళ్ళ కింద తమిళుల పెరటాసి నెల, రెండో శనివారం ముందు రాత్రి. ఆ నెలంతా తమిళనాడు నుంచి జనం విరగబడి వస్తారు, మాకు తల తిప్పుకోవడానికి ఉండదు. నైట్ డ్యూటీలో ఒంటిగంటన్నర అప్పుడు కౌంటరు ఖాళీ అయింది కదా అని, చేయకూడని పనే, ఫోన్ తీసి స్క్వాడ్‌లో చేరాను. ఎరాంగెల్ మ్యాప్, ఒక మ్యాచ్ అంటే దగ్గర దగ్గర అరగంట. ఇరవై నిమిషాలు బాగానే గడిచింది. ఆటగాళ్ళందరినీ దగ్గరికి తోస్తూ బిగుసుకునే సర్కిల్ బాగా చిన్నదైపోయింది, మేము నలుగురం ఒక రాయి వెనక ఉన్నాం, ఇంకో మూడు జట్లే మిగిలాయి. అప్పుడు వచ్చింది ఆటో. విల్లుపురం నుంచి ఏడుగురు, ఇద్దరు చిన్నపిల్లలు నిద్రలో, ఒక ముసలావిడ కాళ్ళీడ్చుకుంటూ. "రూమ్ ఇరుక్కా సార్?" ఫోన్‌ని రిజిస్టరు కింద తోసేశాను. ఆధార్ కార్డులు తీసుకుని, జిరాక్సులు తీసి, రేటు చెప్పి, వాళ్ళు తగ్గించమని, నేను కుదరదని, ఆఖరికి పరుపు ఒకటి ఎక్స్‌ట్రా ఇస్తానని, తాళం ఇచ్చి లిఫ్టు దాకా చూపించి వచ్చేసరికి పది నిమిషాలు. రిజిస్టరు కింద ఫోన్ వెచ్చగా ఉంది. నేను నాక్ అయ్యాను, అంటే దెబ్బ తిని నేల మీద పడ్డాను, నన్ను లేపడానికి రాయి దాటి వచ్చిన కుర్రాడు చచ్చాడు, వాడి కోసం ఇంకొకడు, నాలుగో వాడు ఒంటరిగా నాలుగో స్థానంలో ముగించాడు. "అన్నా, నువ్వు చచ్చింటే సరే. నన్నెందుకు చంపిస్తివి?" తెల్లారి మా మేనేజరు సీసీ కెమెరాలో చూసి ఇంకో నాలుగు అన్నాడు, అవి ఇక్కడ రాయదగినవి కావు.

ఆ రాత్రి తర్వాత నాకు తెలిసొచ్చింది, నాకు తక్కువగా ఉన్నది గంటలు కాదు, మధ్యలో ఎవరూ లేపని అరగంటలు. నాలుగు గంటలున్నాయని చెప్పుకుంటాం గానీ అందులో తలుపు చప్పుడు కాని ముక్కలు ఎన్ని? మనకి దొరికే ముక్క పొడవు ఎంతో, ఆట అడిగే ముక్క పొడవు ఎంతో చూసుకోకుండా "టైము లేదు" అనుకోవడం వల్లే సగం గొడవలు. వాలొరాంట్ అనే తుపాకుల ఆటలో ర్యాంక్ మ్యాచ్ ముందు 13 రౌండ్లు గెలిచిన జట్టుదాకా సాగుతుంది, అరగంట, నలభై నిమిషాలు పట్టొచ్చు, మధ్యలో వదిలితే శిక్ష. అదే ఆటలో స్విఫ్ట్‌ప్లే అయిదు రౌండ్లు గెలిస్తే అయిపోతుంది. బీజీఎంఐలో లివిక్ మ్యాప్ 52 మందితో పావుగంట. పిల్లవాడు పడుకున్నాక ఇంటి తలుపు గడియ వేసి ఉన్న మంగళవారం రాత్రి ఎరాంగెల్, మిగిలిన రోజుల్లో దొరికితే లివిక్, డ్యూటీలో ఏమీ లేదు.

డ్యూటీ రోజులకి నేను క్లాష్ ఆఫ్ క్లాన్స్‌కి తిరిగిపోయాను. 2012 నాటి ఆట, మా కుర్రాడు దాన్ని తాతల ఆట అంటాడు. కానీ చూడండి, అందులో ఒక దాడి 3 నిమిషాలు. క్లాన్ వార్, అంటే రెండు జట్ల యుద్ధం, 23 గంటలు తయారీ, 24 గంటలు యుద్ధం, ఆ 24 గంటల్లో నాకు రెండు దాడులు, ఎప్పుడు చేసినా సరే. టిఫినుకి పోయినప్పుడు ఒకటి, టీకి పోయినప్పుడు ఒకటి. ఇడ్లీ వచ్చేలోపల ఎవరిదో కోట కూల్చేసి వస్తాను. గోడలు కట్టే పనివాళ్ళు నేను లేకపోయినా కడుతూనే ఉంటారు. అందరం ఒకే నిమిషంలో ఒకేచోట ఉండాల్సిన పనిలేకుండా కలిసి ఆడటం అనేది ఒకటుంది. షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళకి, చంటిపిల్లల తల్లులకి, లారీ డ్రైవర్లకి అదే గతి, అదే సుఖం కూడా.

కానీ రాయి వెనక నలుగురు ఊపిరి బిగబట్టి కూర్చునే సుఖం అందులో లేదు, ఉందని అబద్ధం చెప్పను. దానికి నలుగురూ ఒకేసారి రావాలి. నేను చివరికి సిగ్గు విడిచి స్క్వాడ్ గ్రూపులో చెప్పేశాను, మంగళవారం రాత్రి తొమ్మిదిన్నర నుంచి పన్నెండు, అప్పుడు తప్ప నన్ను లెక్కలో వేసుకోవద్దు, అప్పుడు మాత్రం కచ్చితంగా ఉంటాను. ఆశ్చర్యం, వాళ్ళు ఆ టైముకి వస్తున్నారు. రోజూ "వస్తానేమో" అనేవాడి కన్నా వారానికొకసారి వచ్చి తీరేవాడి కోసం మనుషులు ఆగుతారు. నా ప్లాటినం వల్ల వాళ్ళ పాయింట్లు దెబ్బ తింటాయని ఆ రాత్రి ర్యాంక్ లేని మ్యాచ్‌లే ఎక్కువ ఆడతాం, మాటలెక్కువ, చావులెక్కువ. ఆ కుర్రాడికి సెమిస్టరులో రెండు సబ్జెక్టులు పోయిన సంగతి నాకు తెలిసింది అట్లాంటి ఒక మ్యాచ్‌లోనే, వాళ్ళింట్లో కన్నా ముందు.

ఇంకొన్ని చిల్లర సంగతులు, నాలుగు గంటల్లో ముప్పావుగంట మింగేసేవి. అప్‌డేట్ ఎప్పుడూ మనకి తీరికున్న రాత్రే వస్తుంది. ఒకటిన్నర జీబీ దిగుతుంటే పది శాతం, పదకొండు శాతం అని చూస్తూ కూర్చున్న మంగళవారాలు నాకు గుర్తున్నాయి. ఇప్పుడు సోమవారం పగలే ఆట ఒకసారి తెరిచి, అప్‌డేట్, లోపలి ఫైళ్ళు అన్నీ దింపి మూసేస్తాను. లాడ్జి వైఫైతో అసలు ఆడను, నలభై రూములు నిండితే రాత్రి తొమ్మిదింటికి అందరూ ఇంటికి వీడియో కాల్ చేసి కొండ ఎట్లా వెలుగుతోందో చూపిస్తుంటారు, పింగ్, అంటే సర్వరు దాకా పోయి వచ్చే టైము, మూడు వందల మిల్లీసెకన్లు దాటుతుంది. ఆటలో సర్వర్ ఎంచుకునే వీలుంటే ముంబై పెట్టుకోండి, సింగపూర్ కాదు. ఫైబరులో వెలుతురు సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఇక్కడినుంచి సింగపూర్ పోయి రావడం సుమారు 6 వేల కిలోమీటర్లు, ఏ అడ్డూ లేకపోయినా 30 మిల్లీసెకన్లు దారిలోనే పోతాయి, నిజంగా అయితే దానికి రెట్టింపు పైనే. మీ బొటనవేలు మంచిదే, దూరం ఎక్కువ.

చైనాలో 2021 సెప్టెంబరు నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి శుక్ర, శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకా మాత్రమే ఆన్‌లైన్ ఆటలకి అనుమతి, అంటే మామూలు వారానికి మూడు గంటలు. మొన్న ఇది చెప్తే మా ఆవిడ, "మీకన్నా గంటే తక్కువ, వాళ్ళు బతకడం లేదా?" అంది.

వచ్చే వారం నుంచి నాకు ఆ నాలుగు కూడా లేవు. బ్రహ్మోత్సవాలు, తొమ్మిది రోజులు ఆఫ్‌లన్నీ రద్దు, గరుడ సేవ రోజున నిలబడి అన్నం తినడానికి కూడా కుదరదు. నిన్న రాత్రి క్లాష్‌లో అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టే అప్‌గ్రేడ్లు చూసి పనివాళ్ళందరికీ పని అప్పజెప్పాను, యుద్ధాలకి నన్ను పిలవొద్దని పేరు పక్కన ఎర్ర గుర్తు పెట్టాను. స్క్వాడ్ గ్రూపులో కూడా చెప్పాను. ఆ కుర్రాడు వెంటనే రాశాడు: "సరే అన్నా. లడ్డు మాత్రం తెచ్చిపెట్టు."